పప్పు మాడితే మనిషి పనికిరానిదైపోతుందా?

పప్పు కాస్త అడుగంటింది. ఆయన ఏమీ అనకుండా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. "నాకేదీ చాతకాదు, నావల్ల ఎవరికీ సుఖం లేదు" అని ఒక మాట మీ మనసులో మెరుపులా వచ్చి పోతుంది. ఇక రోజంతా దిగులే. ఆ దిగులు గుర్తుంటుంది గానీ, దాన్ని వెంటబెట్టుకొచ్చిన మాట గుర్తుండదు. అవునా, కాదా?

ఆ మాటనే పట్టుకున్నారు అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్. డిప్రెషన్‌తో తన దగ్గరికి వచ్చేవాళ్ళు తమ గురించీ, చుట్టూ ఉన్న లోకం గురించీ, రేపటి గురించీ చెడుగానే అనుకుంటున్నారని 1960లలో గమనించారాయన. ఈ ఆలోచనలు పిలవకుండానే వస్తాయి. నిజమా అని ఎవరూ నిలదీయరు. నిలదీయడం నేర్పించే చికిత్సే కాగ్నిటివ్ థెరపీ. దానిమీద తన సహచరులతో కలిసి 1979లో పుస్తకం రాశారు. నూరేళ్ళు నిండి, 2021లో కన్నుమూశారు.

పుట్టింటి నుంచి తిరిగొచ్చాక రెండ్రోజులు మనసు బాగోకపోతే అది జబ్బు కాదు. రెండు వారాలు పైబడి, దాదాపు రోజూ ఏదీ చెయ్యబుద్ధి కాక, నిద్రా ఆకలీ తప్పి, ఇష్టమైనవి కూడా రుచించకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి. "ఒళ్ళొంచి పని చేస్తే అదే పోతుంది" అనే పెద్దవాళ్ళ మాట వింటూ కూర్చోకండి.

చికిత్స అంటే ఏం చేస్తారు? సాధారణంగా వారానికోసారి, గంటసేపు, పన్నెండు నుంచి ఇరవై సార్లు సైకాలజిస్టుతో కూర్చోవాలి. ఇంటికి పని కూడా ఇస్తారండోయ్! పాల లెక్క రాసుకునే నోటుబుక్కులాంటిది చాలు. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏమనుకున్నాను, ఎంత బాధ కలిగింది అని రాయాలి. తర్వాత ఆ మాటని సాక్షిలా బోనెక్కించాలి. "ఆయన మాట్లాడలేదు" అన్నది జరిగిన సంగతి. "నేనంటే విసుగు" అన్నది మన ఊహ. ఆఫీసులో చిరాకేమో? అడిగితే పోయేదేముంది? నిన్నటి పప్పు బాగుంది కదా, దాన్నెందుకు లెక్కలో వెయ్యలేదు? ఇలా ప్రశ్నలు వేస్తే "పప్పు మాడింది" అన్నది మిగులుతుంది, "నేను పనికిరానిదాన్ని" అన్నది నిలబడదు.

ఇది "అంతా మంచికే అనుకో" అనడం కాదు. ఆ సలహా చుట్టాలందరూ ఉచితంగా ఇస్తూనే ఉన్నారుగా!

ఇంకో సంగతి. మనసు బాగుపడ్డాక పనులు మొదలుపెడదాం అనుకుంటాం. వీళ్ళు తిరగేసి చెప్తారు. ముందు చిన్న పని పెట్టుకోండి, తలకి నూనె రాసుకోవడమో, నాలుగు ఇళ్ళ దూరం నడిచి రావడమో. మనసు వెనకాల వస్తుంది.

చదువుకున్నవాళ్ళకే ఇవన్నీ అనుకుంటున్నారా? పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకి ఈ పద్ధతి నేర్పి డిప్రెషన్ ఉన్న గర్భిణుల దగ్గరికి పంపారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి, ఈ సాయం అందిన తల్లుల్లో నూటికి 23 మందికే డిప్రెషన్ మిగిలింది. మామూలుగా ఇంటికొచ్చి పలకరించి వెళ్ళినవాళ్ళలో 53 మందికి. ఆ కార్యకర్తలు మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళే, డాక్టర్లు కారు!

అయితే తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇంట్లో తప్పు ఆలోచనలది కాదు. అక్కడ నోటుబుక్కు ముందు 181కి ఫోను చెయ్యాలి. జబ్బు తీవ్రంగా ఉంటే మందులు కూడా కావాలి. ఇప్పటికే వాడుతుంటే, ఇది చదివి మీ అంతట మీరు ఆపెయ్యకండి.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే వచ్చే వారం దాకా ఆగొద్దు. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. టెలిమానస్ 14416కి రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోను చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.