కిటికీ వెలుగుకూ మంగు ముదురుతుంది

ప్రశ్న: నా వయస్సు 32. చామనచాయ. రెండో కాన్పు తరువాత బుగ్గలమీద, నుదుటిమీద మంగు వచ్చింది. ఎండలోకి వెళ్ళను. పగలంతా కిటికీ దగ్గర కుట్టుమిషను పని. ఎండకు రాసుకునే తెల్ల క్రీము వాడినా తగ్గలేదు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నెలలో తెల్లబడింది. ఇప్పుడు మానితే ముఖం ఎర్రబడి మండుతోంది. పాపకు పాలిస్తున్నాను. ఏం చేయాలి?
- ఒక సోదరి, విజయనగరం

జవాబు: ముందు ఆ ట్యూబు సంగతి. పేరు రాయలేదుగాని, లక్షణాలను బట్టి అందులో స్టిరాయిడ్ ఉన్నట్టు తోస్తోంది. ఇవి మొదట రంగు తేల్చి మురిపిస్తాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నని ఎర్ర నరాలు తేలతాయి. మొటిమలు, ముఖంమీద వెంట్రుకలు కూడా రావచ్చు. స్టిరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అయినా "తెల్లబడే క్రీము" అని అడిగితే చేతిలో పెట్టే షాపులు లేకపోలేదు.

ఇక మంగు. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ. అందువల్ల తెల్లవారిలా ఎండకు త్వరగా కమిలిపోము. కాని మచ్చ పడడం మనకే ఎక్కువ. చర్మాన్ని కమిల్చే అతినీలలోహిత కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. అదే జాతిలో మరో రకం కిరణాలు అద్దంలోంచి వస్తాయి. కంటికి కనిపించే వెలుగు సరేసరి. అందులోని ఊదా, నీలి వెలుగు చామనచాయ, నల్లని చర్మాల్లో రంగును పెంచుతుందనీ, ఆ నలుపు చాలాకాలం నిలుస్తుందనీ పరిశోధనల్లో తేలింది. తెల్లచర్మం మీద అంత ప్రభావం లేదు. మామూలు తెల్ల క్రీములు ఈ వెలుగును సరిగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడు కలిసిన, చర్మం రంగులో ఉండే క్రీములు మేలు. సెల్‌ఫోను, ట్యూబులైటు వెలుగు ఎండముందు ఏపాటి? వాటికి భయపడకండి.

మిషనును కిటికీకి దూరంగా జరపండి, లేదా ముదురు రంగు దళసరి తెర వేయండి. బయటికి వెళితే గొడుగు మంచిదే. అయితే నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసేవారికి గొడుగొక్కటే చాలదు. తెల్లని ఉప్పుమీద పడిన వెలుగు కిందినుంచి ముఖానికి కొడుతుంది. వారు ముఖానికి గుడ్డ కూడా కట్టుకోవాలి.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అవీ మంగును పెంచవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. ఆ ట్యూబును పారవేయక వెంట తీసుకువెళ్ళండి. దాన్ని ఎలా మానాలో వారు చెబుతారు. పాలిస్తున్న సంగతి మాత్రం ముందే చెప్పండి. మంగుకు వాడే మందుల్లో కొన్నింటిని పాప పాలు మానేవరకు ఆపవలసి ఉంటుంది.