తల్లి యుండగా సంరక్షకుడెవడు?

గర్భాశయముఖమున పుట్టు కేన్సరునకు పాపిలోమా వైరసు కారణమని కనుగొన్నందుకు హరాల్డ్ త్సూర్ హాసెన్ 2008లో నోబెల్ బహుమానము నందెను. ఆ వ్యాధిని నివారించు టీకా మేలైనదే. మేము టీకాను నిందింపబూనలేదు. ఎవరి బిడ్డలకు, ఎవరి యనుమతితో వేసిరన్నదే మా ప్రశ్న.

2009లో పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్యపరిశోధనా మండలియు, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయించెను. వారిలో పలువురు వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. కొందఱు బాలికలు మరణించిన పిమ్మట, 2010 ఏప్రిలులో పథకము నిలిచెను. ఆ మరణములకును టీకాకును సంబంధము కానరాదని విచారణసంఘము చెప్పినది. మంచిదే. కాని 9,543 సమ్మతిపత్రములలో 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లిదండ్రులు కారు; వసతిగృహాధికారులును ప్రధానోపాధ్యాయులును! 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా గర్హించెను.

ఇది ప్రయోగము కాదు, ప్రదర్శన మాత్రమేయని నిర్వాహకులు వాదించిరి. పేరు మార్చినంతనే తండ్రి హక్కు తరుగునా? అక్షరములు నేర్పుమని బిడ్డను మాకప్పగించిన తల్లి, ఆ బిడ్డ దేహమును మాకు ధారపోయలేదు. పండుగకు ఒకనాడు ముందుగా పిల్లను పంపవలెనన్న తండ్రి స్వయముగా రావలెనందుము. సూదిమందునకు ఆ తండ్రి యక్కఱలేదా?

"గూడెము గూడెమునకు పోయి చెప్పుట సాధ్యమా?" అని కొందఱందురు. ఓట్లకొఱకు పోవువారికి సాధ్యమైన త్రోవ వైద్యునికి మాత్రము మూసికొనిపోయినదా? అడవిబిడ్డలను పరిశోధనల జోలికే లాగవలదని మఱికొందఱందురు. ఇదియు అన్యాయమే. కేన్సరు కోయగూడెమును విడిచిపెట్టదు. లెక్కలో చేరనివారి రోగమునకు మందు వెదకువాడెవడు? వారిని చేర్చుకొనవలయును; కాని పశువులను తోలినట్లు కాదు. వారి కోయభాషలోనే విషయము చెప్పవలయును. ఆలోచించుటకు వ్యవధి యియ్యవలయును. వలదన్నవారిని వేధింపరాదు. టీకా వేసిన పిమ్మట జ్వరము వచ్చిన బిడ్డను చూచు వైద్యుడు దగ్గఱ నుండవలయును. పరిశోధనలో తేలిన ఫలితమును తిరిగి ఆ గూడెమునకే తెచ్చి వినిపింపవలయును.

మొగల్తూరువారికి భద్రాచలముతో పనియేమని యడుగువారు కలరు. 1959 వఱకు భద్రాచలము తూర్పుగోదావరి జిల్లాలోనిదే. ఆ కోయల వాకిళ్లముందు పాఱిన గోదావరియే మన కాలువలలో పాఱి మన చేలు పండించుచున్నది. నీటికి చుట్టములమై, కష్టమునకు పరాయివారమగుదుమా?

ఉపాధ్యాయులారా! రేపు అట్టి కాగితమే మన బల్లమీదికి రావచ్చును. కలము మూసి, తల్లికి కబురు పంపుడు.