బాలాలయం లేని జీర్ణోద్ధారణ

"పని చేస్తున్నదానిని కదపడమెందుకు?" – ఈ మాటను కార్యాలయాలలో ఒక నీతివాక్యంలాగా వల్లిస్తున్నారు. ఇది నీతి కాదు, బాధ్యత తప్పించుకొనడానికి కప్పుకొన్న శాలువ అని నా వాదం. నేను తెలుగు పండితుడను. యంత్రవిద్య నా శాస్త్రం కాదు. అయినా ఆ యంత్రాలలో ప్రజల పేర్లు తెలుగు అక్షరాలలో ఉన్నంతకాలం, ఈ విషయంలో నోరు విప్పే అధికారం నాకున్నదనే అనుకొంటున్నాను.

కొంతకాలం క్రితం మా ఉప్మాక వృద్ధుడొకరికి తోడుగా ఒక కార్యాలయానికి వెళ్ళాను. జాబితాలో పేరుతో వెదికితే ఆయన లేడు. ఊరి మొత్తం లెక్కలో మాత్రం ఉన్నాడు! "సర్వరు మార్చారండి మాస్టారూ, వారం ఆగి రండి" అన్నాడు గుమాస్తా. పాపం, అతని తప్పేమీ లేదు. వారం గడిచింది, మరొక వారమూ గడిచింది. "లెక్కలో ఉన్నాను గానీ పేర్లలో లేనేటి, మాస్టారూ?" అని ఆ పెద్దాయన దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. నా వద్ద జవాబు లేదు.

అక్కడ జరిగినదేమిటో ఆ కార్యాలయంవారు నాకు చెప్పలేదు. ఇట్టి వింత ఎట్లు పుట్టగలదో మాత్రం సర్వర్ల పనిలో ఉన్న మా మేనల్లుడు విడమరచాడు. లక్షల పేర్లను వడపోసి అధికారులకు లెక్కలు చూపే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ తనంత తాను నిలువలేదు. దాని క్రింద ఆపరేటింగ్ సిస్టం అనే నేల ఉండాలి. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలో కూడా చాలాచోట్ల ఆ నేలే నిర్ణయిస్తుంది. లినక్స్‌లో దీనికి ఆధారమైన గ్లిబ్‌సి, 2018 ఆగస్టులో వెలువడిన 2.28వ కూర్పులో ఆ వరుస నియమాలను పెద్దయెత్తున మార్చింది. సెంటాస్ 7లో ఉన్నది 2.17, 8వ తరానికి వచ్చేసరికి 2.28. పాత నియమంతో కట్టిన సూచికను కొత్త నియమంతో వెదికితే, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులో ఉన్న పేరు కూడా లేనట్లే కనిపించవచ్చు. మార్పు తరువాత సూచికలను తిరిగి కట్టుకొనడమే దీనికి విరుగుడు.

నిఘంటువులు తిరగేసినవారికి ఇందులో చిత్రమేమీ లేదు. బడిపిల్లవాడు 'క్ష'ను వర్ణమాల చివర వెదకుతాడు. నిఘంటుకర్త దానిని కకారంలో ఉంచుతాడు. పదం పుస్తకంలోనే ఉంటుంది. పిల్లవాడు మాత్రం "లేదండీ" అంటాడు.

"చూశారా, మార్చినందుకే గదా ఈ కష్టం!" అని కదపవద్దనేవారు ఇక్కడ లేచి నిలబడతారు. అయ్యా, మార్చినందుకు కాదు, చూడకుండా మార్చినందుకు. మార్చకుండా కూర్చున్నవారి గతి ఏమయిందో కూడా చెప్పనివ్వండి. 2017 మే 12న వానాక్రై అనే పురుగు లోకమంతా పాకింది. మద్దతు ఉన్న విండోస్‌లకు దాని మందు మార్చి 14ననే వచ్చింది. ఎక్స్‌పీ వంటి ముసలి యంత్రాలకు 2014 ఏప్రిల్‌తోనే వైద్యం ఆగిపోయింది. మందు వేసుకొననివారు, వైద్యం లేని యంత్రాన్ని విడువనివారు ముఖ్యంగా దెబ్బతిన్నారు. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతపడ్డాయని నాడు పత్రికలు వ్రాశాయి. సెంటాస్ 7కు కూడా 2024 జూన్ 30తో కాలం చెల్లింది. ఆ తేదీ ఎన్నో యేళ్ల ముందే అందరికీ తెలుసు. తెలిసిన తిథికి తద్దినం పెట్టనివాడు పంచాంగాన్ని నిందించడం తగునా?

డబ్బు లేదన్నది మరొక సాకు. సెంటాస్ బాటలో వచ్చిన రాకీ, ఆల్మా లినక్స్‌లు ఉచితమే. ఖర్చంతా పరీక్షించే మనుషులకు, ప్రక్కన పెట్టుకొనే రెండవ యంత్రానికి, కొన్ని వారాల వ్యవధికి. ఈ ఖర్చునే మనవారు మిగుల్చుకొంటున్నారు. మిగిలిన ఆ సొమ్మును ముసలివాళ్ళు బస్సు ఛార్జీలుగా కడుతున్నారు.

గరుడాద్రి నీడన పెరిగినవాడిని గనుక నాకు గుడి సంగతే మొదట తోస్తుంది. గర్భాలయంలో పని చేయవలసి వస్తే మన పెద్దలు ఏమి చేశారు? మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, నిత్యపూజ అక్కడ జరిపించారు. పని ముగిసి సంప్రోక్షణ అయినాకనే తిరిగి గర్భాలయం. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే ఈ క్రతువు 2018 ఆగస్టులో జరిగింది. ఆ రోజులలో దర్శనం పూర్తిగా ఆపుతామని మొదట ప్రకటించారు. భక్తులు అభ్యంతరం చెప్పగా పరిమిత సంఖ్యలో అనుమతించారు. ముందుగా చెప్పారు గనుక జనం మాట్లాడగలిగారు, జనం మాట్లాడారు గనుక పద్ధతి మారింది.

సర్వరుకూ ఇదే ఆగమం. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఏ ఆపరేటింగ్ సిస్టాన్ని అంగీకరిస్తారో ముందు చూడండి. ప్రక్కన కొత్త యంత్రాన్ని నిలిపి సమాచారం అందులోకి తెండి. బ్యాకప్పు తీశామని మురియక, దానిని తిరిగి నిలబెట్టి చూడండి. సూచికలు మళ్ళీ కట్టండి. పాత యంత్రాన్నీ కొత్తదానినీ ఒకే ప్రశ్న అడిగి, మొత్తాలనే కాక పేర్లనూ సరిపోల్చండి. కొంతకాలం పాతదానిని పారవేయకండి. ఏ రోజులలో సేవ ఆగుతుందో తలుపు మీద తెలుగులో వ్రాసి అంటించండి.

2017లో వెలగపూడిలో రియల్ టైం గవర్నెన్స్ కేంద్రం వచ్చింది. 2025 జనవరిలో మన మిత్ర పేరిట వాట్సాప్‌లోకే సేవలు వచ్చాయి. నేను వీటికి విరోధిని కాను, సంతోషించేవాడినే. కాని తెరలకు జరిగే ప్రారంభోత్సవం నేలకు ఎన్నడూ జరగదు గనుక, ఆ నేల ఎవరి కంటా పడదు. ఏ యంత్రానికి మద్దతు ఏనాడు ముగుస్తుందో బడ్జెట్టు వేసేనాటికే దస్త్రంలో ఉండాలి. ఆ దస్త్రం క్రింద ఒక బాధ్యుడి సంతకం ఉండాలి. నేనడిగేది ఇంతే.

మూడవ వారంలో ఆ పెద్దాయన పేరు దొరికింది. "ఎక్కడికి పోయిందండీ?" అని అడిగాను. "ఎక్కడికీ పోలేదు మాస్టారూ, ఇందులోనే ఉంది" అన్నాడు గుమాస్తా.