ప్యాడ్లు మార్చినంత మాత్రాన బ్రేకు బాగయినట్టు కాదు

ఇవాళ మిర్చి రేటు గురించీ కాదు, నల్లి గురించీ కాదు. మన కార్ల ముందు బ్రేకుల గురించి. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మనలో చాలామందివి సెకండ్ హ్యాండ్ బండ్లే. సీజన్లో కల్లానికీ యార్డుకీ రోజూ తిరుగుతాయి, తర్వాత వారాల తరబడి చెట్టు కింద పడుంటాయి. బ్రేకు ఒక పక్కకి లాగుతోందని షెడ్డుకు తీసుకెళ్తే ప్యాడ్లు మార్చి పంపిస్తారు. మనమూ డబ్బులిచ్చి వచ్చేస్తాం. నేననేది ఏంటంటే, అది సగం పనే. కాలిపర్ విప్పి చూడకుండా బ్రేకు బాగయిందని నమ్మొద్దు.

తైవాన్ పంపుకి ప్రెషర్ తగ్గితే వెంటనే సీళ్ళు, వాషర్లు మార్పిస్తాం కదా. కాలిపర్లో ఉండేదీ పిస్టనూ సీలే. పెడల్ తొక్కితే బ్రేకాయిలు పిస్టన్ని తోస్తది, పిస్టన్ ప్యాడ్ని డిస్కుకి నొక్కుద్ది. కాలు తీశాక పిస్టన్ని వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు. తొక్కినప్పుడు కొంచెం వంగి, వదలగానే మామూలుగా అయ్యేటప్పుడు పిస్టన్ని కూడా వెనక్కి తెస్తది. ఆ రబ్బరు గట్టిపడినా, పిస్టన్‌కి తుప్పు పట్టినా వెనక్కి రాదు. ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటది. చక్రం కాలిపోద్ది, మైలేజీ పడిపోద్ది, కొత్త ప్యాడ్లూ తొందరగా అరిగిపోతాయి. వేడి మరీ ఎక్కువైతే బ్రేకాయిలు మరిగి పెడల్ మెత్తగా కిందికి దిగిపోద్ది. చిలకలూరిపేట దాటాక హైవే మీద ముందు పోయే పత్తి లారీ ఉన్నట్టుండి ఆగితే, డిక్కీలో టిక్కీలు, వెనక సీట్లో పిల్లలు... ఆలోచించండి.

మనకి ఇంకో తంటా నల్లరేగడి. వానాకాలం డొంకల్లో తిరిగితే ఆ బురద చక్రాన్ని వదలదు. పిస్టన్ మీది డస్ట్ బూటుకి చిన్న చిరుగు పడినా నీళ్ళు లోపలికి పోతాయి. కాలిపర్ జరగాల్సిన గైడు పిన్నులూ అంతే, గ్రీజు ఎండి పట్టేస్తాయి. అప్పుడు లోపలి ప్యాడ్ రేకులా అరిగిపోయి, బయటది కొత్తదానిలా ఉంటది. పాత ప్యాడ్లు పారేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, కాలిపర్ జాతకం అక్కడే తెలిసిపోద్ది.

"కాలిపరే మొత్తం మార్చాలి" అంటే వెంటనే తలూపొద్దు. జాకీ ఎత్తి, పట్టేసిన చక్రం దగ్గర బ్లీడర్ నిపుల్ కొంచెం వదులు చేయించండి. చక్రం ఫ్రీ అయితే తేడా పిస్టన్లో కాదు, హోస్ పైపులోనో పైనో ఉంది. ఫ్రీ కాకపోతే పిస్టనో, పిన్నులో. విప్పాక పిస్టన్ మీద గుంటలు పడి ఉంటే పిస్టన్ మార్చాల్సిందే, ఎమరీ పేపరుతో రుద్ది ఎక్కించనీయొద్దు. లోపలి గోడ నున్నగా ఉంటే సీల్ కిట్టు చాలు. గోడే తినేసి ఉంటే మాత్రం కాలిపర్ మార్చండి, అక్కడ బేరం వద్దు.

టీకి పోకుండా దగ్గరే నిలబడండి. డీజిలుతో, పెట్రోలుతో కడిగితే రబ్బరు ఉబ్బిపోద్ది. సీలుకి రాయాల్సింది కొత్త బ్రేకాయిలే, బేరింగు గ్రీజు కాదు. పిన్నులకి వేరే గ్రీజు ఉంటది. గాలి కొట్టి పిస్టన్ బయటికి తీసేటప్పుడు ఎదురుగా వేలు పెట్టనీయొద్దు, తూటాలా వస్తది. ఒక పక్క చేసి వదిలేయొద్దు, రెండు పక్కలా చేయించండి. ఇదంతా టైం పట్టే పని, కూలి గిట్టక కొందరు మెకానిక్కులు దాటేస్తారు. వాళ్ళదీ తప్పనలేం. పురుగుమందుకి లెక్క చూడకుండా పోసే మనం, ఈ పనికి కూలి దగ్గర గీసి గీసి బేరమాడుతున్నాం.

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు చేయించుకుంటే, పత్తి విత్తనం పెట్టేలోపు అయిపోద్ది. ఎన్నాళ్ళ నుంచో ఉన్న బ్రేకాయిలు కూడా అప్పుడే మార్పించండి, అది గాలిలో తేమ పీలుస్తది. బిగించి గాలి తీశాక, బండి కదిలించక ముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. మర్నాడు పది కిలోమీటర్లు పోయొచ్చి రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, డిస్కు ముట్టుకోవద్దు. ఒకటి సెగ కొడుతూ రెండోది చల్లగా ఉంటే అటునుంచి అటే షెడ్డుకి తీసుకెళ్ళండి.