ఫోను ఎక్కడ తగిలించాలి?

బండికి ఫోను ఎక్కడ తగిలించాలి అని ఆఫీసులో ఎవరైనా అడిగితే చాలు, రెండొందల హోల్డరు కొనాలా రెండువేలది కొనాలా అని చర్చ మొదలవుతుంది. నన్నడిగితే అది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న, అసలు ఫోను వంక ఎన్నిసార్లు చూడాల్సి వస్తోంది? రెండోది, చూసిన ప్రతిసారీ కళ్ళు రోడ్డు మీంచి ఎంత దూరం పోతున్నాయి? ఈ రెండూ తేలాక హోల్డరు సంగతి.

మేముండే కంచన్‌బాగ్ లో పొడుగాటి ప్రహరీ గోడల వెనక డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, బీడీఎల్ ఉంటాయి. 1982లో అబ్దుల్ కలాం గారు డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చారు. మరుసటేడు మొదలైన క్షిపణుల కార్యక్రమంలోంచే 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. క్షిపణిలో ఒక గైరోస్కోపు బిగించాలంటే వేడెంత, అదురు ఎంత అని పరీక్షలు పెట్టి మరీ బిగిస్తారు. అవే గోడల బయట, 2021 డిసెంబరులో తెరిచి కలాం గారి పేరు పెట్టిన ఫ్లైఓవరు దగ్గర నిలబడి చూడండి. ఒకాయన ఫోను హెల్మెట్టుకీ చెంపకీ మధ్య ఇరికించి ఉంటుంది. ఇంకొకాయన తొడ కింద పెట్టుకుని గతుకు వచ్చినప్పుడల్లా తడుముకుంటాడు. ఆటో అన్న హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండేసి కట్టేస్తాడు. మన జేబులోని ఫోనులో కూడా ఒక బుల్లి గైరోస్కోపు ఉందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది :)

నవ్వులాట కాదు, ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయమే. మంచి ఫోన్ల కెమెరాల్లో చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా లెన్సుని కదిలించే ఏర్పాటు ఉంటుంది. పెద్ద మోటారుసైకిలు ఇంజను అదురు హ్యాండిల్ గుండా నేరుగా తగిలితే అది పాడవ్వచ్చని 2021 సెప్టెంబరులో యాపిల్ వాళ్ళే హెచ్చరించారు. స్కూటరైతే అదురుని పీల్చే మౌంటు వాడమన్నారు. కాబట్టి బైకు మీద ఖరీదైన ఫోను బిగించేవాళ్ళు రబ్బరు డ్యాంపరు ఉన్నది చూసుకోండి. లేదంటే పాత ఫోనొకటి మ్యాపులకి కేటాయించండి.

కారులో లెక్క వేరు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు మూత ఉన్నచోట ఫోను అంటించకూడదు. బ్యాగు రెప్పపాటులో విచ్చుకుంటుంది, ఆ ఊపుకి ఫోను రాయిలా ఎగిరి మొహానికి తగులుతుంది. అద్దానికి నడిమధ్యలో పెడితే రోడ్డు దాటే మనిషి కనపడడు. మే నెల ఎండలో సక్షన్ కప్పు పట్టు వదిలేస్తుంది, ఫోను వేడెక్కి ఛార్జింగు ఆపేస్తుంది. నా ఓటు స్టీరింగుకి పక్కనుండే ఏసీ వెంటుకి. ఫోను చల్లగా ఉంటుంది, చూపు మరీ కిందకి పోదు. బరువు ఫోనైతే ఆ ప్లాస్టిక్ రెక్కలు విరుగుతాయి, అది వేరే సంగతి.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2019 సవరణతో, చేత్తో ఫోను పట్టుకుని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగు కింద చేర్చారు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన రూలు ప్రకారం దారి చూసుకోడానికి మాత్రం వాడుకోవచ్చు, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా. చేతిలో ఉందా హోల్డరులో ఉందా అన్నది పోలీసుకి కనిపిస్తుంది. ధ్యాస చెదిరిందో లేదో ఎవరికి కనిపిస్తుంది?

లెక్క వేద్దాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 11 మీటర్లు పోతాం. రెండు సెకన్లు తెర వంక చూస్తే 22 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. హోల్డరు ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. చూడాల్సిన అవసరం తగ్గితేనే మారుతుంది.

ఇక్కడే మన పని మొదలవుతుంది. ఫ్లైఓవరు ఎక్కాలా కిందనుంచి పోవాలా అన్నది తేల్చుకోలేకే మనం ఎక్కువసార్లు తెర చూస్తాం. గూగుల్ మ్యాప్స్ 2024 జులైలో మన దేశంలో ఫ్లైఓవరు సూచన మొదలుపెట్టింది. ఒక్క సూచన ముందే అందితే అంత మేర చూపు రోడ్డు మీదే ఉంటుంది. దానికి రివర్సులో ఆలోచించండి. బండి నడుస్తుండగా డెలివరీ కుర్రాడికి ఆర్డరు మోగుతుంది. కొన్ని సెకన్లలో నొక్కకపోతే ఇంకొకరికి పోతుంది, ఆ డబ్బులూ పోతాయి. అతని చూపుని తెర మీదకి లాగింది హోల్డరు కాదు, ఆ టైమరు. దాన్ని రాసింది గచ్చిబౌలిలోనో బెంగుళూరులోనో ఏసీలో కూర్చున్న మనలాంటివాడే.

జీపీయస్ ద్వారా ఆ యాప్‌కి బండి వేగం తెలుసు. వేగం పది దాటితే టైమరు ఆపొచ్చు. "ఆర్డరు వచ్చింది, సరేనా?" అని అడిగి నోటిమాట తీసుకోవచ్చు. సిగ్నలు దగ్గర ఆగేదాకా చూడొచ్చు. అలాగైతే కస్టమరుకి ఆలస్యం అవుతుంది అంటారు మేనేజర్లు. అవుతుంది, కాదనను. బిర్యానీ ఒక నిమిషం ఆలస్యమైతే వచ్చే నష్టమెంత, ఆ కుర్రాడు సంతోష్‌నగర్ రోడ్డు మీద పడితే వచ్చే నష్టమెంత? ఇంతకంటే కష్టమైన లెక్కలు మనం రోజూ చేస్తూనే ఉన్నాం.

కాబట్టి హోల్డరు కొనండి, కంటి ఎత్తుకి దగ్గరగా, ఎయిర్‌బ్యాగుకి దూరంగా పెట్టుకోండి. దారి బయల్దేరేముందే పెట్టుకుని గొంతు వినండి. కానీ వచ్చే స్ప్రింటు ప్లానింగులో ఎవరైనా "నోటిఫికేషను ఇంకాస్త గట్టిగా, పెద్దగా కనపడాలి" అంటే, అది చూసేవాడు అప్పుడు ఎంత వేగంలో ఉంటాడని ఒక్కసారి అడగండి. ఏమంటారు?