చూచినవీ, చూడనివీ

గత మాసంలో మా ఇంట ఒక చిన్న వివాదం సంభవించింది. వివాదమనడం కన్నా మాకు కలిగిన పరాభవమనడమే న్యాయం. సెలవులకు వచ్చిన మా మనుమడు, 2021 డిసెంబరులో విడుదలైన ‘83’ అనే హిందీ చిత్రం చూస్తున్నాడు. 1983 నాటి ప్రపంచ కప్ క్రికెట్ కథ అది. కపిల్ దేవ్ పాత్రధారి రణ్‌వీర్ సింగ్ జింబాబ్వే బౌలర్లను చితకబాదే ఘట్టం రాగానే మేము ఉండబట్టలేక, “ఈ నటుల ఆట ఏం చూస్తావురా! అసలు ఆట మేము చూశాము. మన రిక్రియేషన్ క్లబ్బు హాలులో, నేల మీద చాపలు పరచుకొని, కాలనీ అంతా కలిసి టీవీలో చూశాము” అన్నాము. వాడు ఎదురు చెప్పలేదు. చేతిలోని ఫోనులో ఏదో చదివి, ఎంతో మర్యాదగా, “తాతయ్యా, ఆ ఆటను టీవీలో ఎవ్వరికీ చూపించలేదట” అన్నాడు.

వాడు చెప్పినది నిజం. అది 1983 జూన్ 18, శనివారం. ఇంగ్లండులో టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే చిన్న పట్టణంలోని నెవిల్ మైదానం. మన జట్టు 9 పరుగులకే 4 వికెట్లు, 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకొన్న వేళ కపిల్ దేవ్ ఒక్కడూ నిలబడి 138 బంతులలో 175 పరుగులు చేసి అజేయుడుగా మిగిలాడు. 16 ఫోర్లు, 6 సిక్సర్లు. తొమ్మిదవ వికెట్టుకు కిర్మానీ తోడుగా జతపడిన పరుగులు 126 కాగా, కిర్మానీ చేసినవి 24 మాత్రమే. నిర్ణీతమైన 60 ఓవర్లలో మన స్కోరు 266కు చేరింది. 31 పరుగుల తేడాతో గెలిచాము. ఇంతటి ఘనకార్యాన్ని టెలివిజన్ కెమెరా ఏదీ చిత్రించలేదు. ఆనాడు బి.బి.సి. సిబ్బంది సమ్మెలో ఉన్నారని కొందరంటారు, ఆ సంస్థ కెమెరాలు వేరే మైదానాలలో ఉన్నాయని మరికొందరంటారు. కారణమేదైనా, నేడు మిగిలినవి కొద్దిపాటి ఛాయాచిత్రాలు, ఒక స్కోరు పట్టిక. సినిమావారు దానిని మళ్లీ ఆడించి చూపవలసి వచ్చింది అందుకే.

మరి మేము చూసినదేమిటి? ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలోనూ, వీడ్కోలు సభలలోనూ ఎందరికో చెప్పుకొన్నాము. ఈ శీర్షికలో కూడా ఒకసారి వ్రాసినట్లు గుర్తు. ఆ సంచిక ఎవరి వద్దనైనా మిగిలి ఉంటే దయచేసి అటక మీదనే ఉండనివ్వగలరు.

ఆలోచించగా తేలినదేమంటే, మేము నిజంగా చూసినది వారం తరువాతి ఆట. జూన్ 25, అదీ శనివారమే. లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్‌తో ఫైనల్. మన జట్టు 183 పరుగులకు ఆలౌట్ కాగానే పెద్దలు కొందరు చాపలు దులుపుకొని భోజనాలకు వెళ్లిపోయారు. అరవై ఓవర్ల ఆటలో, అందునా అంతకు ముందు రెండు ప్రపంచ కప్పులూ గెలిచిన జట్టు ముందు, 183 ఒక లెక్కా! రిచర్డ్స్ కొడుతున్న తీరు చూస్తే ఆట తొందరగా ముగిసేటట్లే ఉంది. మదన్ లాల్ బంతిని అతడు గాలిలోకి లేపడం, కపిల్ వెనుకకు పరుగెత్తి పట్టుకోవడం జరిగాక భోజనాలకు వెళ్లినవారు చేతులు కడుక్కోకుండానే తిరిగి వచ్చారు. రాత్రి షిఫ్టుకు పోవలసిన వారి బాధ వర్ణనాతీతం. అర్ధరాత్రి సమీపిస్తుండగా వెస్టిండీస్ 140కి ముగిసింది. 43 పరుగుల తేడా. ఆ రాత్రి కళ్లారా చూసిన కపిల్‌ను, వార్తలలో చదివిన 175 పరుగులనూ మా మనస్సు ఎప్పుడో ఒకటిగా కలిపి కుట్టేసింది. అతుకు మాకే కనబడనంత నైపుణ్యంగా కుట్టింది.

ఇంతకూ ఎనభైల దశకమంటే మాబోటి వారికి ఇంత మమకారమెందుకు? కాలనీ మొత్తానికి ఒకటే తెర, ఆ తెరకు ఒకటే ఛానల్ కావడం వల్ల అందరి జ్ఞాపకాలూ ఒకే తేదీల చుట్టూ తిరుగుతాయి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా దూరదర్శన్‌కు రంగులు వచ్చాయి. రంగుల పెట్టె కొనలేనివారు నలుపు తెలుపు తెర ముందు పైన నీలం, కింద పచ్చ ఉన్న ప్లాస్టిక్ పలక తగిలించుకొనేవారు. వార్తలు చదివే ఆవిడ నుదురు నీలంగా, గడ్డం పచ్చగా కనబడినా ఎవరూ ఆక్షేపించలేదు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షం నుండి ఇందిరా గాంధీతో మాట్లాడడం చూశాము. ఆ ఏడు ద్వితీయార్ధంలో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున దేశంలో కొత్త ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. సొంత ఊళ్ల నుండి, “మాకూ బొమ్మ వస్తున్నది” అని ఉత్తరాలు వచ్చేవి. యాంటెన్నా మీద కాకి వాలితే బొమ్మ పోయేది. ఒకరు డాబా మీద గొట్టం తిప్పడం, ఒకరు గుమ్మంలో నిలబడి “వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది” అని కేకలు వేయడం ఇంటింటి భాగవతం.

అదే సంవత్సరం జూలైలో మొదలైన ‘హమ్ లోగ్’ మాకు సగం అర్థమయ్యేది. మా వరుసలో కాన్పూరు నుండి వచ్చిన ఫోర్‌మన్ గారి శ్రీమతి తెలుగులో అర్థం చెప్పేవారు. ఆమె తెలుగు మాకు పావు వంతు అర్థమయ్యేది. అయినా చివరలో అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవరకు ఎవరూ లేచేవారు కారు. ఇక 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు ఆదివారం ఉదయాలు రామానంద్ సాగర్ ‘రామాయణ్’కు దఖలు పడ్డాయి. ఆడవారు తెల్లవారుజామునే లేచి వంట ముగించుకొనేవారు. మగవారికి అది సెలవు రోజు. ఆడవారికి మరింత పెందలాడే తెల్లవారే రోజు. 2020లో లాక్‌డౌన్ కాలంలో అదే ధారావాహికను మళ్లీ ప్రసారం చేసినప్పుడు మేమూ చూశాము. ఒక బాణం బయలుదేరి, ఎదుటి బాణాన్ని తాకేలోగా కాఫీ కలుపుకొని రావచ్చు. ఆనాడు ఈ మందగమనం మాకు తోచనే లేదు.

ఈ ముచ్చట్లు చెప్పుకొనేటప్పుడు కొన్నింటిని దాటిపోతామన్నది కూడా మనుమడి పుణ్యమా అని ఇప్పుడే గమనించాము. స్కూటరు కొన్న రోజు గుర్తుంటుంది. దాని కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి నవ్వులాటగా మారిపోతుంది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడి వేలమంది ప్రాణాలు పోయిన తరువాత మన ప్లాంటులో చాలాకాలం వేరే మాట లేదు. ఆ దుర్ఘటన ఫలితంగానే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. అటువంటి కర్మాగారాలలో భద్రతా కమిటీలో కార్మికులకూ చోటుండాలన్నది అందులోనిదే. మన పని పద్ధతులను మార్చినది అది. కాని ఎనభైలను తలచుకొనే ఏ సాయంత్రమూ ఆ మాట ఎవరూ ఎత్తరు. క్లబ్బు హాలు గుమ్మం పైన ‘సభ్యులకు మాత్రమే’ అన్న పలక ఉండేదని, కాంట్రాక్టు కూలీల పిల్లలు బయట కిటికీ ఊచలు పట్టుకొని వ్రేలాడుతూ హనుమంతుణ్ణి చూసేవారని కూడా ఎవరూ చెప్పరు. “కాలనీ అంతా కలిసి” అని మనుమడితో అన్నామే, ఆ మాట నోట వచ్చినప్పుడు ఆ కిటికీ మాకు స్ఫురించలేదు.

ఫైనల్ ఆట అయినా సక్రమంగా గుర్తున్నదో లేదో సరిచూసుకోవాలనిపించి, ఆనాడు క్లబ్బులో టీ అందించిన కుర్రవాడి వద్దకు వెళ్లాము. కుర్రవాడంటే ఇప్పుడు అరవై దగ్గరివాడు. టౌన్‌షిప్ గేటుకు ఎదురుగా సొంతంగా టిఫిన్ సెంటరు నడుపుకొంటున్నాడు. మనుమణ్ణి కూడా వెంటబెట్టుకొని బయలుదేరాము. వాడు దారిలో స్నేహితుడు కనబడి ఆగిపోయాడు.

“ఏమయ్యా, ఎనభై మూడులో ఆ ఫైనల్ గుర్తున్నదా?” అన్నాము.

“గుర్తు లేకపోవడమేంటి సార్! కాని నేను చూసింది ఆట కాదు, మీ మొఖాలు. ట్రే పట్టుకొని మీకెదురుగా నిలబడితే టీవీ నా వీపు వెనక ఉండేది. మీ మొఖాలు చూస్తే స్కోరు తెలిసిపోయేది సార్.”

“రిచర్డ్స్ క్యాచి?”

“అదీ చూడలేదు. వంటగదిలో ఉన్నాను. హాలు ఒక్కసారి హోరెత్తింది. ఏం పడిందోనని పరుగెత్తుకొచ్చాను. వచ్చేసరికి అతను బ్యాటు చంకలో పెట్టుకొని నడిచిపోతున్నాడు. ఒక్క నిమిషం నిలబడ్డాను, అంతే. తిరిగి పోయేసరికి పాలు మొత్తం పొంగి పంపు స్టౌ ఆరిపోయింది.”

నవ్వాము. ఆయనా నవ్వాడు.

“ఆ పాలకు ఏడు రూపాయలు నా జీతంలో పట్టుకున్నారు సార్. పోనీలెండి, రిచర్డ్స్‌కు నేనిచ్చిన కట్నం అనుకున్నాను” అంటూ మా ముందు టీ గ్లాసు పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

పట్టుకొన్నదెవరని మేము అడగలేదు. 1983లో క్లబ్బు కమిటీ కోశాధికారులము మేమే. కోతలకు సంబంధించిన ఏ వోచరైనా మా సంతకం లేనిదే చెల్లేది కాదు.

తిరుగుదారిలో మనుమడు కలిసి, “ఏమన్నారు తాతయ్యా?” అని అడిగాడు.

“క్యాచి ఆయనా చూడలేదటరా” అన్నాము. ఏడు రూపాయల సంగతి వాడికి చెప్పలేదు. ఈ పేజీని వాడు చదువుతాడన్న భయం కొంత ఉన్నది.