నిన్న అంటే 24 గంటల క్రితం కాదు!

అమెరికా వాళ్ళు గడియారాలు మార్చే మార్చి, నవంబరు నెలల్లో మా ఫీల్డులో తరచూ వినపడే మాట: "డేట్ కమాండ్‌లో బగ్ ఉంది!" నన్నడిగితే చాలాసార్లు బగ్ కమాండ్‌లో ఉండదు, మనం దాన్ని అడిగిన ప్రశ్నలో ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2024 మార్చి 10, ఆదివారం. న్యూయార్క్‌లో తెల్లవారుజామున 2 కాగానే గడియారం 3కి దూకింది. అంటే ఆ రోజుకి 23 గంటలే. అక్కడి టైములో నడిచే సర్వర్‌లో అర్ధరాత్రి దాటాక 12:30కి, అంటే సోమవారం మొదట్లో, ఒక స్క్రిప్టు లేచి నిన్నటి అమ్మకాల లెక్క తీయాలి. రాసినాయన లైనక్స్ డేట్‌ని "24 గంటల క్రితం తేదీ ఎంత?" అని అడిగాడనుకోండి. జవాబు: మార్చి 9, రాత్రి 11:30. శనివారం లెక్క రెండుసార్లు వస్తుంది, ఆదివారం గల్లంతు. ఎర్రర్ ఒక్కటీ రాదు! కమాండ్ అబద్ధం చెప్పిందా? లేదే, అడిగినట్టే 24 గంటలు వెనక్కి వెళ్ళింది.

అదే డేట్‌కి మార్చి 10, 2:30 అని ఇస్తే "చెల్లని తేదీ" అంటుంది. దీనికీ తిట్లే. అక్కడ ఆ రోజు 2:30 అనేదే లేదు కదా! నోరు మూసుకుని తప్పు లెక్క ఇచ్చేదానికన్నా ఈ మొండితనమే నయం. నేను తప్పుపట్టేది నవంబరు 3న. ఆ రోజు 1:30 రెండుసార్లు వచ్చింది. ఏది కావాలో అడక్కుండా డేట్ తనకి తోచిన ఒకటి ఎంచుకుంటుంది.

మనకి ఈ గోల లేదు. యుద్ధకాలంలో, 1942-45 మధ్య, మన గడియారం కూడా గంట ముందుకి జరిగింది గానీ, ఇప్పుడు ఆ పద్ధతి లేదు. అసలు చిక్కు ఇక్కడే. హైదరాబాదులో కూర్చుని మన టైములో టెస్ట్ చేస్తే పై స్క్రిప్టు 365 రోజులూ పాసవుతుంది. తప్పు బయటపడేది అమెరికా సర్వర్ మీదే, అదీ ఏడాదికి ఒక్క రోజే.

మందు చిన్నదే. తేదీలతో పనుంటే మధ్యాహ్నం 12ని పట్టుకుని లెక్కేయండి, గంట అటూ ఇటూ అయినా తేదీ మారదు. క్షణాలతో పనుంటే యూటీసీలో లెక్కేయండి. డేట్ మాన్యువల్ కూడా చెప్పేది ఇదే. ఇక టెస్టింగంటారా, టైమ్‌జోన్ న్యూయార్క్‌కి మార్చి ఆ రెండు తేదీలు ఇచ్చి చూడటానికి పది నిమిషాలు చాలవూ?